నా తిట్లకు దరువేశారు

ఆ ఏడు నా రెండెకరాల కౌలు మిరపచేలో పూతనిండా నల్లపురుగు పడింది. పురుగుమందుల కొట్టాయన ఇచ్చిన డబ్బా తెచ్చి మూడుసార్లు కొట్టాను. పురుగు నిక్షేపంగా ఉంది, పూతే రాలిపోయింది. ఒళ్లు మండి ఓ మొక్క పీక్కుని కొట్టు ముందుకెళ్లి, బజారంతా వినపడేట్టు అరిచాను.

"మూడుసార్లు మందు కొట్టానయ్యా! పురుగు చావలేదు, నేనే చచ్చాను! ఏం మందయ్యా నీది?"

ఎవరో ఫోన్లో తీశారు. వారం తిరక్కుండా మా కోడలు నవ్వాపుకుంటూ వచ్చి చూపించింది. నా మాటలకి దరువేసి తాగుబోతుల పాట చేశారు. నేనన్నది పురుగుమందు, వాళ్లకి వినపడింది తాగే మందు. మొదటిసారి విన్నప్పుడు నేనూ నవ్వాను, అబద్ధమెందుకు. ఊళ్లకూళ్లు చూస్తున్నాయంటే కాస్త గర్వపడ్డాను కూడా.

ఆ నెల్లోనే మార్టూరులో మా ఆడపడుచు కొడుకు పెళ్లి. ఊరేగింపులో డీజే నా గొంతుతో అరుస్తుంటే కుర్రాళ్లు సీసాలు నెత్తిన పెట్టుకుని గంతులేశారు. పెళ్లికొడుకు నా చెయ్యి పట్టుకు లాగాడు.

"అత్తా, ఒక్కసారి నువ్వే అను!"

"ఒరేయ్, నా చేను పోయిందిరా," అన్నాను.

"అబ్బ, అదే గొంతు!" అని అందరూ ఈలలేశారు.

మర్నాడు ఫిర్యాదు ఇద్దామని వ్యవసాయ ఆఫీసుకి వెళ్లాను. నన్ను చూడగానే ఆఫీసరు కుర్చీలోంచి లేచాడు. జన్మలో ఏ ఆఫీసరూ నాకోసం లేవలేదు.

"మీరేనా అండీ! ఆ పాట పెడితేగాని మా పాప అన్నం తినదు," అంటూ సెల్ఫీ తీసుకున్నాడు. ఆ తర్వాత మందు కొన్న బిల్లు అడిగాడు. కొట్టాయన బిల్లు ఎప్పుడిచ్చాడు గనక? "బిల్లు లేకుండా మేమేం చెయ్యలేమండీ," అని టీ తెప్పించాడు. తాగి వచ్చేశాను.

కొట్టాయనకి మాత్రం బాగా కలిసొచ్చింది. పాటలో కొట్టు ఇదేనటగా అని జనం వచ్చి దాని ముందు ఫోటోలు దిగుతున్నారు. దారిలో కనపడితే, "నీ పుణ్యమా అని బేరాలు పెరిగాయమ్మా," అని దణ్ణం పెట్టాడు. వెటకారం కాదు, నిజంగానే పెట్టాడు.

చేను పీకించిన రోజు కూలికొచ్చిన ఆడవాళ్లు అదే పాట అందుకున్నారు. నన్ను ఎగతాళి చెయ్యాలని కాదు, పనికి ఊపుగా ఉంటుందని. ఆపమందామనుకున్నాను. చూసుకుంటే నా చేతులు కూడా ఆ దరువుకే మొక్కలు పీకుతున్నాయి. పొద్దుగూకేలోపే రెండెకరాలూ ఖాళీ అయ్యాయి.