అత్తయ్య చేతిలో బెల్లం ముక్క

మా ఆయన పెద్దిరాజు చావుకి మా అత్తయ్య వెలిగించే దీపం కారణం కాదు. మా చర్చి సంఘంలో అందరూ దీపమే కారణం అనుకుంటున్నారు. మా అత్తయ్య సుబ్బలక్ష్మి కూడా అదే నమ్మి పదకొండు నెలలు దీపం పెట్టడం మానేసింది. కారణం ఎవరో నాకు తెలుసు. నేను ఐదో తరగతి వరకే చదివాను, రాయడం పెద్దగా అలవాటు లేదు. కానీ ఆయన గురించి నాలుగు మాటలు రాయాలంటే ఇది దాచి రాయలేను.

మాది ఆకివీడుకి దగ్గర్లో కొల్లేటి అంచున ఊరు. ఎటు చూసినా చేపల చెరువులే. ఆయనది ఐసు పని. చెరువు పట్టుబడి అయ్యాక చేపల్ని పెట్టెల్లో సర్దాలి. అడుగున ఐసు, పైన చేప, మళ్ళీ ఐసు. లారీ నిండేదాకా అదే. ఆ పని చేసి చేసి ఆయన వేళ్ళ కొసలు ఎప్పుడూ తెల్లగా పాలిపోయి ఉండేవి. ఇంటికొస్తూనే ఆ వేళ్ళు నా మెడకి ఆనించి నా చేత కేక పెట్టించేవారు. "చచ్చిన చేప చెయ్యండీ మీది," అనేదాన్ని. "చచ్చిన చేపకి ఇంత బలం ఉంటుందా దయా?" అని నవ్వేవారు.

చలికి తట్టుకోవాలని ఆ పనివాళ్ళంతా తాగుతారు. ఈయన ఎండాకాలంలో కూడా తాగేవారు. పెళ్ళయిన మొదటి పన్నెండేళ్ళూ అలాగే గడిచింది. నాది ఉంగుటూరు పక్కన క్రైస్తవ విశ్వాసుల కుటుంబం. ఆయనది పెద్దింట్లమ్మని కొలిచే ఇల్లు. ఇష్టపడి చేసుకున్నాం. నన్ను ప్రార్థన గుడికి పోవద్దని ఆయన ఎప్పుడూ అనలేదు, తను రానూ లేదు. ఒకసారి తాడేపల్లిగూడెంలో ప్రార్థన సభలకి వెళ్ళి నేను ఆలస్యం చేస్తే, తాగి, నన్ను లాక్కుపోదామని వచ్చారు. వెనక కుర్చీల దగ్గర నిలబడి వాక్యం విన్నారు. నన్ను లాక్కుపోలేదు. బస్సులో మాట్లాడలేదు. నెల తిరక్కుండా కాలవలో బాప్తిస్మం తీసుకున్నారు. అప్పటి నుంచి ఎనిమిదేళ్ళు చుక్క ముట్టలేదు. ఒక మనిషిని పట్టిన దాన్ని తరిమి కొట్టడం నా కళ్ళారా చూశాను కాబట్టి, సైతానుతో యుద్ధం అంటే నాకు వేళాకోళం కాదు. ఇప్పటికీ కాదు.

పనికి పోయే ముందు ఆయన రోజూ బైబిల్లో చెప్పిన కవచం తొడుక్కునేవారు. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, నేర్పిన పద్ధతి అది. నడుముకి తుండు బిగించి "సత్యం" అనేవారు. రొమ్ము మీద చెయ్యేసి "నీతి". చెప్పుల్లో కాళ్ళు పెడుతూ "సమాధానం", అంటే శాంతి. ఎడమ చెయ్యి డాలులా ఎత్తి "విశ్వాసం". తల మీద చెయ్యి పెట్టి "రక్షణ". చివరికి కుడి చేత్తో కత్తి పట్టినట్టు పట్టి "వాక్యం". మా అత్తయ్య వాకిట్లో గిన్నెలు తోముతూ చూసేది.

"ఒరే, అన్నీ పెట్టుకున్నావు గానీ క్యారేజీ మర్చిపోయావు. యుద్ధంలో ఆకలేస్తే ఏం చేస్తావు?"

"నవ్వకే అమ్మా."

"నవ్వట్లేదురా. మీ నాన్నకి ఇందులో ఒక్క తొడుగున్నా బాగుపడేవాడు."

ఆవిడ ఉండేది వెనక గదిలో. ఆ మూల అమ్మవారి పటం, ఇత్తడి దీపం, పళ్ళెంలో నైవేద్యానికి ఓ బెల్లం ముక్క. సంఘంలో పెద్దదిక్కు రత్నమేరీ అక్క చాలాసార్లు చెప్పి చూసింది. "తమ్ముడూ, ఒకే ఇంట్లో రెండు జెండాలు ఎగరకూడదు," అనేది. ఆయన మాత్రం, "అమ్మ దీపం అమ్మదండీ. నా తాగుడుని పన్నెండేళ్ళు భరించింది, ఆవిడ దీపాన్ని నేను భరించలేనా?" అనేవారు.

తర్వాత ఆయనకి షుగరు వచ్చింది. ఏలూరులో డాక్టరు బిళ్ళలు రాశారు. మానొద్దన్నారు, మానితే కాలు పోతుందన్నారు. మా వీధి చివర అలా కాలు తీయించుకున్న మనిషి ఉన్నాడు. ఆ మనిషిని చూసినప్పుడల్లా నాకు భయమేసేది. అన్నం తిన్నాకే వేసుకోవాలని కూడా డాక్టరు చెప్పారు. ఆ మాట నా మనసులో నిలబడలేదు. భయపెట్టిన మాటే నిలబడింది.

పోయినేడు ఆయనతో పనిచేసే చలపతిరావు తాగి తాగి చచ్చిపోయాడు. పాడె మోసి వచ్చి ఈయన మంచం మీద ముడుచుకుని కూర్చున్నారు.

"దయా, అక్కడ వాసన తగిలింది. నోట్లో నీళ్ళూరాయి. ఎనిమిదేళ్ళయినా వాడు ఇంటి చుట్టూనే తిరుగుతున్నాడు."

"ఎవరండీ?"

"శత్రువు."

అదే నెలలో సంఘంలో మూడు రోజుల యుద్ధ ప్రార్థన పెట్టారు. దానికి సిద్ధపడాలని ఆయన ఇరవై ఒక్క రోజులు ఉపవాసం పట్టారు. పద్దెనిమిది రోజులు సాయంత్రం ఒక్క పూట భోజనం, ఆఖరి మూడు రోజులు పల్చటి మజ్జిగ, నీళ్ళు. బిళ్ళలు కూడా మానేశారు. బిళ్ళ మీద ఆనుకుంటే డాలు కింద పడేసినట్టేనట. నేను అయ్యగారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన మానమని చెప్పలేదు, వేసుకోమనీ చెప్పలేదు. "ఎవరి విశ్వాసం కొద్దీ వారికమ్మా," అన్నారు. అలాంటి మాట చెప్పినవాళ్ళకి ఎప్పుడూ ఏమీ అంటుకోదు.

నా విశ్వాసం కొద్దీ నేనొక పని చేశాను. రోజూ బిళ్ళని చెంచాతో నలిపి, సాయంత్రం ఆయన మజ్జిగలో కలిపాను. ఉప్పూ కరివేపాకూ వేస్తే చేదు తెలియలేదు. పద్దెనిమిది రోజులూ ఏమీ కాలేదు, అన్నం తింటున్నారు కదా. పంతొమ్మిదో రోజు నుంచి అన్నం లేదు. నేను మాత్రం బిళ్ళ మానలేదు. ఆ సాయంత్రమూ ఇచ్చాను. మర్నాడు సాయంత్రమూ ఇచ్చాను.

ఇరవై ఒకటో రోజు శుక్రవారం. పొద్దున్న పదింటికి యుద్ధ ప్రార్థన కూడిక మా వసారాలోనే పెట్టారు, ఇరవై మంది దాకా వచ్చారు. ఆయన ప్రార్థన చేయడానికి లేచారు. కాసేపటికి చొక్కా తడిసిపోయింది. చేతులు వణికాయి. మాట తిరగబడి, ఒకదానికొకటి పొంతన లేకుండా వచ్చింది.

"పరిశుద్ధాత్మ అభిషేకం దిగుతోంది, స్తోత్రం చెప్పండి!" అంది రత్నమేరీ అక్క.

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. నా భర్త శత్రువుతో పోరాడుతున్నాడని గర్వంగా కొట్టాను.

అప్పుడు వెనక గదిలోంచి అత్తయ్య వచ్చింది. చేతిలో పళ్ళెంలోని బెల్లం ముక్క.

"వాడి మొహం చూడండర్రా! ఆకలి చెమట అది. ఈ ముక్క నోట్లో పెట్టండి."

రత్నమేరీ అక్క అడ్డం వచ్చింది. "అది బొమ్మ ముందు పెట్టింది కదండీ. యుద్ధం మధ్యలో అలాంటిది లోపలికి పోకూడదు."

"బెల్లం బెల్లమే కదమ్మా. చెరుకుని మీ దేవుడు చెయ్యలేదా?"

ఎవరో నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. లేచి ఆవిడ మణికట్టు పట్టుకున్నాను. "లోపలికి పదండి అత్తయ్యా. నలుగురిలో పరువు తీయకండి," అన్నాను. గుంజుకుంటుంటే ముక్క కింద పడింది. ఆవిడ వంగి తీయబోతే కాలితో పక్కకి నెట్టాను. ఆవిణ్ణి గదిలోకి పంపి తలుపు గడియ పెట్టాను.

నేను తిరిగొచ్చేసరికి ఆయన పడిపోయి ఉన్నారు. ఆత్మలో పడిపోయాడన్నారు. దుప్పటి కప్పి చుట్టూ కూర్చుని పాటలు పాడారు. తలుపు అవతల నుంచి అత్తయ్య బాదుతూనే ఉంది. గంట దాటాక నోటి పక్కన నురగ చూసి ఆటో పిలిచాం. ఆకివీడు ఆసుపత్రిలో మా వల్ల కాదన్నారు. ఏలూరు తీసుకెళ్ళాం.

అక్కడి డాక్టరు కాగితం చూసి తలెత్తారు. "షుగరు అడుగంటిపోయిందమ్మా. ఏమీ తినకుండా బిళ్ళ వేశారా?"

"లేదండీ. బిళ్ళలు మానేశారండీ."

"మానేసిన మనిషికి ఇంత పడదే," అని నా మొహంలోకి చూశారు. నేను పక్కకి చూశాను. "చెమటలు పట్టినప్పుడే ఇంత పంచదార నోట్లో వేసుంటే లేచి కూర్చునేవాడు," అన్నారు.

మూడు రోజులు ఉంచారు. ఆయన కళ్ళు తెరవలేదు.

సమాధి దగ్గర అయ్యగారు మాట్లాడారు. "మన సహోదరుడు కవచం తొడుక్కున్నాడు. కానీ ఇంట్లో ఒక ద్వారం తెరిచి ఉంది," అన్నారు. పేరు చెప్పలేదు. అందరి తలలూ మా అత్తయ్య వైపు తిరిగాయి. మర్నాడు ఆవిడ దీపాన్ని చింతపండుతో తళతళా తోమి, గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేసింది. పటాన్ని గోడకి తిప్పింది.

అన్నం ముందు కూర్చుని అడిగేది. "దయా, నా దీపమే వాణ్ణి లాక్కుపోయిందంటావా?"

"ఊరుకోండి అత్తయ్యా," అనేదాన్ని. కాదు అని మాత్రం ఒక్కసారీ అనలేదు. ఊరుకోమనడం సులువు.

ఆయన పోయాక పొద్దున్నే కవచం తొడుక్కోవడం నేను మొదలుపెట్టాను. కొంగు నడుముకి బిగించి "సత్యం" అనేదాన్ని. అక్కడే నోరు ఆగిపోయేది. పదకొండు నెలల్లో రెండో మాటకి, "నీతి"కి, పోయింది లేదు. శత్రువు గుమ్మం బయట ఉంటాడని అందరూ నేర్పారు. చెంచాతో బిళ్ళ నలుపుతూ లోపలే ఉంటే ఏం చెయ్యాలో ఎవరూ నేర్పలేదు.

ఏడాది జ్ఞాపకార్థ కూడిక దగ్గర పడింది. రత్నమేరీ అక్క వచ్చి అత్తయ్య పక్కన కూర్చుని నెమ్మదిగా మాట్లాడి వెళ్ళింది. ఆమె వెళ్ళాక అత్తయ్య నాతో చెప్పింది.

"ఆదివారం అందరి ముందూ నిలబడి, నా కొడుకుని నేనే పొట్టన పెట్టుకున్నానని ఒప్పుకోమంది. ఒప్పుకుని కాలవలో ముంచుడు తీసుకుంటే వాడున్న చోటికే పోతానంట. నిజమేనంటావా?"

"మీరేమన్నారు?"

"సరేనన్నాను. వాణ్ణి చూడాలి కదే."

ఇక తట్టుకోలేకపోయాను. శనివారం మధ్యాహ్నం ఆవిడ చేటలో బియ్యం ఏరుతుంటే ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పాను. బిళ్ళ సంగతి, మజ్జిగ సంగతి, డాక్టరు అడిగింది, నేను అబద్ధమాడింది. పంచదార వేసుంటే లేచేవాడని డాక్టరు అన్న మాట, అంటే ఆ బెల్లం ముక్కే మందన్న సంగతి కూడా చెప్పాను. ఆవిడ ఏరడం ఆపలేదు. ఒక రాయి తీసి పక్కన పెట్టింది. ఇంకొకటి తీసింది.

"వాడి కాలు పోతుందని భయపడి వేశావు."

"అవునండీ."

"అది తప్పు కాదు. నీకు తెలీదు." చేట కింద పెట్టింది. "మరి ఈ పదకొండు నెలలూ? నేను గోడకి తలబాదుకుంటుంటే నాకు అన్నం పెట్టి చూస్తూ కూర్చున్నావు. అప్పుడు తెలుసు కదే నీకు?"

నేను ఆవిడ కాళ్ళ మీద పడబోయాను. వెనక్కి లాక్కుంది.

"నా చేతిలో ముక్క కాలితో తన్నావు. తలుపు గడియ పెట్టావు. పో, నా ఎదురుగా ఉండకు."

ఆదివారం మా వసారాలో పెట్టిన జ్ఞాపకార్థ కూడికకి ఆవిడ రాలేదు. నేను లేచి ఇదంతా సాక్ష్యంగా చెప్పాను. ఒక్కరైనా తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది. అయ్యగారు కళ్ళు తుడుచుకున్నారు. రత్నమేరీ అక్క, "పాపం, దుఃఖంలో తన మీద వేసుకుంటోంది. ఇదీ శత్రువు పనే," అంది. అందరూ వచ్చి నా తల మీద చేతులు పెట్టి, నన్ను నిందించే ఆత్మని గద్దించారు. నేనే చేశానండీ, నేనే, అంటున్నా ఆ ప్రార్థనల హోరులో నా గొంతు నాకే వినపడలేదు. వెళ్తూ వెళ్తూ ఒకామె గుమ్మం దగ్గర గొంతు తగ్గించి పక్కామెతో అంటోంది: "ముసలావిడ చూడు, కోడలి చేత ఎలా చెప్పించిందో!"

ఇప్పుడు మా ఇంట్లో పొయ్యిలు రెండు. అత్తయ్య తన గదిలోనే వండుకుంటుంది, నా చేతి నీళ్ళు కూడా తాగదు. భీమడోలు అత్తారింటి నుంచి మా అమ్మాయి లహరి వచ్చి ఇద్దరికీ చెప్పి చూసి ఏడ్చి వెళ్ళింది. సాయంత్రం గోడ అవతల అగ్గిపుల్ల గీసిన చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడు కోసం ఇవతల పని ఆపుకుని కూర్చుంటాను. దీపం వెలిగాక లేచి నా వంట చూసుకుంటాను.

పొద్దున్నే కొంగు బిగించి "సత్యం" అంటున్నాను. తర్వాత రొమ్ము మీద చెయ్యి పెట్టుకుంటాను. రెండో మాట ఇంకా రావడం లేదు.