‘కాదు సర్’ నేర్పిన ఆశీర్వాదం గారు

“ఈసారి కూడా ‘ఎస్ సర్’ అనేస్తానేమోనని భయంగా ఉందండి.”

ఎనిమిది నెలల పాపను భుజాన వేసుకుని, ఆయన ఇంటి గేటు దగ్గర నేను అన్న మొదటి మాట అది. పేరైనా చెప్పుకోలేదు. గేటు తీసిన పెద్దాయన మా ఇద్దరినీ చూసి, “అనేస్తారు. ముందు లోపలికి రండి, పాప ఎండలో ఉంది,” అన్నారు.

ముందుగదిలో ఫ్యాను వేస్తూ అడిగారు. “మీది కాకినాడ కదండీ?”

“అవునండి.”

“ఫోన్లో రావులపాలెం అన్నారు.”

“అవునండి, రావులపాలెమే.”

“మరి కాకినాడ అంటే ఎందుకు ఒప్పుకున్నారు?”

వంటింట్లోంచి ఆయన భార్య సంపూర్ణమ్మ గారి నవ్వు వినిపించింది. “వచ్చిన వాళ్ళందరి ఊళ్ళూ మార్చేస్తారండి ఈయన. మొన్నొక అమ్మాయిని తుని పంపించేశారు. ఆ పిల్లా సరేనంది.”

ఆశీర్వాదం గారు చదివింది పదో తరగతి. ఒక మెడికల్ కాలేజీ సెమినార్ హాల్లో ముప్పై ఒక్కేళ్ళు అటెండరుగా చేశారు. మొదట్లో స్లైడ్ ప్రొజెక్టరు, తర్వాత కంప్యూటరు, అన్నీ ఆయనే నడిపేవారు. హాలు చివర చిన్న బల్ల దగ్గర కూర్చుని ఎన్ని వేల ప్రసంగాలు విన్నారో ఆయనకే లెక్క లేదు. ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడలేరు. కానీ చెప్పేవాడు ఎక్కడ తప్పిపోయాడో చటుక్కున పట్టేస్తారు. “తలకాయలు ఫోన్ల మీదికి వంగడం వెనకనుంచే బాగా కనబడుద్దండి,” అంటారు. రిటైరయ్యాక రాజమండ్రిలోని ఈ ఇంటికి మెడికల్, ఫార్మసీ, ఎమ్మెస్సీ విద్యార్థులు ఒకరి ద్వారా ఒకరు తెలుసుకుని వస్తున్నారు.

నేను డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. అరటిలో ఆకుమచ్చ తెగులుపై పీహెచ్‌డీ కోసం ఐదేళ్ళు పరిశోధన చేశాను. సగం మొక్కలకు తెగులును అణిచే బాక్టీరియా ద్రావణం, మిగతా సగానికి పోలిక కోసం వట్టి నీళ్ళు చల్లాను. థీసిస్ సమర్పించే ముందు ఇచ్చిన సెమినార్లో బయటినుంచి వచ్చిన ప్రొఫెసరు గారు, “అయితే పోలిక మొక్కలకు కూడా మందు పడిందన్నమాట,” అని ఇంగ్లీషులో అన్నారు. నేను “ఎస్ సర్” అన్నాను. పోలిక మొక్కలకు మందు పడితే ప్రయోగమే చెల్లదు. అది తెలిసీ అన్నాను. అంత పెద్దాయన నిండు సభలో అన్న మాటను ఎలా కాదనాలో నాకు తెలియలేదు. కమిటీ మూడు వారాలు గడువిచ్చింది. మళ్ళీ చెప్పి ఒప్పించలేకపోతే అరటి వేసి మొదటినుంచి చేయాలి. ఆ పంట చేతికొచ్చేలోగా నా రిజిస్ట్రేషన్ కాలం ముగిసిపోతుంది.

నా భార్య నాగదుర్గ స్టాఫ్ నర్సు. ఆమెకు పొద్దుటి డ్యూటీ ఉన్న రోజుల్లో పాపను తీసుకునే వెళ్ళేవాణ్ణి. సంపూర్ణమ్మ గారు పాపను ఎత్తుకునేవారు, నేను గోడ ముందు నిలబడి ప్రసంగం చెప్పేవాణ్ణి.

మొదటిరోజే ఆయన నా స్లైడుల్లో సగానికి పైగా రాత తీయించేశారు. “అదంతా చదవడానికి మీరెందుకండి? మేమే చదువుకుంటాం కదా.” నేను బట్టీ పట్టిన ఇంగ్లీషు మొదలెట్టగానే ఆపి, “ఏడో స్లైడు నుంచి చెప్పండి,” అనేవారు. నాకు మొదటినుంచి అయితేనే వచ్చేది. ఏం చేశాను, దేనికి చేశాను, ఏం తేలింది అన్న మూడు సంగతులూ ఎక్కణ్ణుంచి అడిగినా చిన్న వాక్యాల్లో చెప్పగలిగేదాకా ప్రశ్నల జోలికి పోనివ్వలేదు.

ప్రశ్నలు సంపూర్ణమ్మ గారివి, అన్నీ కావాలని వేసే తప్పు ప్రశ్నలే.

“అయితే బాబూ, ఆ నీళ్ళలో కూడా కొంచెం మందు కలిపావన్నమాట?”

“అవునం... కాదండి.”

“మొదటి స్లైడు,” అనేవారు ఆశీర్వాదం గారు. మళ్ళీ మొదటినుంచి.

ఆ వారంలోనే పాపకు జ్వరం వచ్చింది. పిల్లల డాక్టరు గారు, “నిన్నటి నుంచే కదా?” అంటే తల ఊపాను. నాగదుర్గ వెంటనే, “కాదండి, నాలుగు రోజులైంది,” అంది. బయటికొచ్చాక ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “నేను లేకపోతే ఏం చేసేవాడివి? ఆయన ఏ మందు రాస్తే అదే వేసేవాడివి,” అంది. పాపకు రెండు రోజుల్లో తగ్గింది, నాకు నిద్ర మాత్రం పట్టలేదు.

ఆ సంగతి చెప్పినప్పుడు ఆశీర్వాదం గారు కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. తర్వాత హారతి అనే అమ్మాయి గురించి చెప్పారు.

“ఎండీ చదివేదండి. ఆ రోజు స్లైడుల ట్రే నా చేతిలోంచి జారింది. ఏరి పెట్టేటప్పుడు రెండు తారుమారైనయ్యి. రెండూ ఎలుక కాలేయం ఫోటోలే, మీద పేర్లు లేవు. మందు ఇచ్చాక ఇంకా పాడైందేంటని పెద్ద ప్రొఫెసరు గారు అడిగారు. ఆ అమ్మాయికి తెలిసిపోయింది. నా వైపు చూసింది. చూసి, ‘ఎస్ సర్’ అంది.”

“మీరు చెప్పలేదా?”

“అటెండరు లేచి ప్రొఫెసరుకి చెప్పడమేంటి అనుకున్నాను. ఉద్యోగం పోద్దేమో అని కూడా అనుకున్నాను. అబద్ధమెందుకు. ఆ పిల్ల ఏడాదిపాటు ఆ పనంతా మళ్ళీ చేసింది. నేను నోరు తెరిస్తే రెండు నిమిషాల పని.”

“తర్వాత ఆవిడతో మాట్లాడారా?”

“క్షమించమ్మా అన్నాను. ‘ఫర్వాలేదండి’ అంది. అది కూడా ‘ఎస్ సర్’ లాంటిదేనండి.”

సంపూర్ణమ్మ గారు పాపను నా చేతికిచ్చి లోపలికి వెళ్ళిపోయారు. ఆ రోజు ఇంక ప్రశ్నలు లేవు.

రెండో సెమినార్లో అదే ప్రొఫెసరు గారు అదే మాట అన్నారు. ‘ఎస్’ నా నాలుక చివరిదాకా వచ్చింది. నోరు మూసుకున్నాను. హాలంతా నన్నే చూస్తోంది. “నో సర్. ఓన్లీ వాటర్,” అని ఆరో స్లైడు చూపించాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశారు. వాన పడ్డప్పుడు ద్రావణం ఎంత కొట్టుకుపోయిందని తర్వాత అడిగారు. నేనది కొలవలేదు. “ఐ డోంట్ నో సర్. ఐ డిడ్ నాట్ మెజర్ ఇట్,” అన్నాను. వాన సంగతి ఒక లోపంగా థీసిస్‌లో రాసి, ఆ అధ్యాయం సరిచేసి సమర్పించమంది కమిటీ.

బస్టాండు నుంచే ఆశీర్వాదం గారికి ఫోన్ చేశాను.

“తెలీదన్నాక ఇంకేమన్నా కలిపి చెప్పారా?”

“లేదండి.”

“మంచి పని చేశారు.” ఆ వెంటనే అన్నారు. “మీ భయం మీకు తీరింది మాస్టారూ. రేపు క్లాసులో మీ ముందు నిలబడే పిల్లలకి మీరే ఆ ప్రొఫెసరు.”

ఇప్పుడు మా డిగ్రీ పిల్లలు సెమినారు చెప్పే రోజుల్లో, నా ప్రశ్నకు ఎవరైనా తడుముకోకుండా ‘ఎస్ సర్’ అంటే నేను మార్కు వేయను, ముందుకూ పోను. ఆయన ఆ రోజు ఫోన్లో చెప్పినట్టే చేస్తున్నాను.

“పిల్లలు ‘ఎస్’ అనగానే సంతోషపడిపోకండి. ఎందుకు ఎస్ అని నెమ్మదిగా అడగండి. అడిగాక వాళ్ళు చెప్పేదాకా మీరు మాట్లాడకండి.”