సీలు వేసిన తలుపు దగ్గర దేవుడు నన్ను ఆపాడు

సహోదరులారా, సహోదరీలారా, మా ఆయన పోయాక నాకు నిద్ర పట్టడం మానేసింది. ఆయన ఈ బహ్రెయిన్‌లోనే తాపీ పని చేసేవాడు, నేను ఇళ్ళల్లో పని చేసేదాన్ని, శుక్రవారం ఆరాధనకి ఇద్దరం కలిసి వచ్చేవాళ్ళం, మీలో పాతవాళ్ళకి ఆయన గుర్తుండే ఉంటాడు, వెనక వరసలో కూర్చుని డోలక్ వాయించేవాడు, చుక్క ముట్టని మనిషి. ఎండల్లో పని మీదే కూలిపోయాడు. పెట్టెలో పెట్టి ఊరికి పంపించారు. నా కాగితాలు అప్పుడు వీసా ఇచ్చిన యజమాని, కఫీల్ దగ్గర ఆగిపోయి నేను వెంట వెళ్ళలేకపోయాను. సమాధి చేసేటప్పుడు ఫోన్‌లో చూపించారు, పెట్టె సగం దింపాక ఫోన్‌లో బొమ్మ నిలిచిపోయింది, ఇక రాలేదు. కళ్ళు మూస్తే ఆ సగం దిగిన పెట్టే కనబడేది.

నాకు చదువు లేదు, సంతకం వరకే వచ్చు. నేను చెప్తుంటే సంఘంలో సహోదరి రాస్తోంది. సిగ్గు మాటలు తీసెయ్యనా అని అడిగింది, ఒక్కటి కూడా తియ్యొద్దన్నాను.

ఆ తర్వాత నాకు అద్లియా పేటలో పని దొరికింది. ఒక బిల్డింగులో కొన్ని ఫ్లాట్లు రోజు అద్దెకి ఇచ్చేవారు, వాటిని చూసుకునేది నిజామాబాదు ఖాదర్ భాయ్. వారం చివర సముద్రం మీది వంతెన దాటి పక్క దేశం నుంచి జనం వచ్చేవారు, ఉండి, తిని, తాగి వెళ్ళిపోయేవారు, వాళ్ళు వెళ్ళాక దుప్పట్లు తీసి, బాత్రూములు కడిగి, చెత్త దించడం నా డ్యూటీ. సగం తాగి వదిలేసిన సీసాలు ఎన్నో ఉండేవి. అవి సింకులో పారబొయ్యమని భాయ్ మొదటి రోజే చెప్పాడు. పారబోశాను. ఆ వాసనకి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునేదాన్ని.

ఒకరోజు నడుము విరిగిపోయి వంటింట్లో నేల మీద కూర్చుండిపోయాను. సీసా చేతిలో ఉంది. ఇది తాగినవాళ్ళు మధ్యాహ్నం దాకా లేవకుండా పడుకోవడం నేను రోజూ చూస్తున్నాను కదా, నాకూ ఒక్క గంట నిద్ర పట్టకపోతుందా అనుకుని టీ గ్లాసులో పోసుకున్నాను. నిద్ర పట్టింది. పెట్టె కనబడలేదు. సహోదరీలారా, సాతాను నాకు ఇచ్చింది అంతే, ఒక్క గంట నిద్ర, దానికి నన్ను మొత్తం తీసుకున్నాడు.

కొన్నాళ్ళకి గంట చాలలేదు. పొద్దున్న లేస్తే చేతులు వణికేవి, తాగితే ఆగేవి. మిగిలినవన్నీ కలిపి, కడిగిన ఫినాయిలు సీసాలో పోసి సింకు కింద దాచేదాన్ని, ఫినాయిలు సీసా ఎవరు మూత తీసి చూస్తారు! ఆరాధనకి వచ్చేటప్పుడు నోట్లో లవంగాలు పెట్టుకునేదాన్ని. గుదైబియాలో నేనుండే గదిలో మేమంతా ఆడవాళ్ళమే, మా అందరికీ పెద్ద రూతమ్మక్క. ఆమె ఆ లవంగం వాసన పట్టి, పిప్పి పన్నేమో అనుకుని, సంఘంలో నా పంటి నొప్పి కోసం ప్రార్థన పెట్టించింది. మీరందరూ లేచి నిలబడి నా పళ్ళ కోసం ప్రార్థించారు. నేను తల వంచుకుని ఆమేన్ అన్నాను.

అప్పుడు వచ్చింది ఇక్కడి పార్లమెంటు మాట. ఖాదర్ భాయ్ ఫోన్‌లో వార్తలు విని చెప్పేవాడు. ఇలా రోజు అద్దెకిచ్చే ఫ్లాట్లకి లైసెన్సు ఎవరికి ఉంది, ఎవరికి లేదు, సంసారాలుండే బిల్డింగుల్లోకి ముక్కూ మొహం తెలియని జనం వస్తుంటే చూసేవాళ్ళెవరు అని మెంబర్లు అధికారులని నిలబెట్టి అడుగుతున్నారట. సంపాదన మీద పన్ను మాట కూడా నలుగుతోందని, గల్ఫ్‌లో ఎప్పుడూ లేనిది ఒక దేశంలో మొదలుపెట్టబోతున్నారని, ఇక్కడ కూడా వస్తుందేమో అని అనేవాడు. గదిలో ఆ మాట చెప్తే అందరూ భయపడ్డారు. రూతమ్మక్క మాత్రం, "మన దగ్గరకి పన్నుకొస్తే బక్కెట్టూ చీపురూ చెరి సగం ఇద్దాంలే, సగం గది వాళ్ళే తుడుచుకుంటారు" అంది.

భాయ్‌కి నవ్వు రాలేదు. "లైసెన్స్ మనకెక్కడిదమ్మా? ఆ పార్లమెంటోళ్ళు గట్టిగ పట్టుకున్నరంటె మన దుకాణం బంద్. నీ దేవునికి జర చెప్పుకో" అన్నాడు.

చెప్పుకున్నాను. మీ అందరి చేతా చెప్పించాను. విధవరాలి పని పోతోందని మీరు ఉపవాసం ఉన్నారు. ఆ రోజు నేనే మోకాళ్ళ మీద పడి ప్రార్థన నడిపించాను, "తండ్రీ, ఆ పెద్దల నోళ్ళు మూయించు, ఆ లైసెన్సుల మాట అక్కడే ఆపు, నా నోటి కూడు తియ్యకు" అని ఏడ్చాను. మీరు కూడు కోసం ఏడ్చారు, నేను సింకు కిందున్న సీసా కోసం ఏడ్చాను. మీరు పస్తున్నారు, నేను తాగి వచ్చాను, నోట్లో లవంగం ఉంది.

దేవుడు ఆ ప్రార్థన వినలేదు.

ఒకరోజు ఎండ నెత్తి మీదికి వచ్చే వేళకి పనికి వెళ్తే ఖాదర్ భాయ్ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. తనిఖీవాళ్ళు వచ్చి వెళ్ళారు. తలుపులకి అరబీ కాగితాలు అంటించి ఉన్నాయి.

"ఖలాస్ అమ్మా, సీల్ ఏసిండ్రు. నీ సామాన్ ఏమన్న లోపలున్నదా? ఉంటె చెప్పు, అడిగి తీపిద్దాం."

"ఏం లేదు భాయ్" అన్నాను.

ఆయనకి ఫోన్ వస్తే కిందకి దిగాడు. అప్పటికే నా చేతులు మొదలుపెట్టాయి, ఒళ్ళంతా చెమట. తాళంచెవి నా కొంగున ఉంది. ఆ కాగితం చింపితే జైలని భాయ్ చెప్పాడు, జైలైతే ఇక ఊరికి పంపించేస్తారని తెలుసు, అన్నీ తెలిసి గోరు పెట్టి కాగితం అంచు లేపాను, ఒక మూల లేచింది కూడా. నా గోరు వైపు చూసుకున్నాను. ఆ లోపల నా భర్త ఉన్నట్టు గోకుతున్నాను సహోదరులారా, ఉన్నది ఫినాయిలు సీసా.

తలుపుకి నుదురు ఆనించాను. పెద్ద ప్రార్థన ఏమీ రాలేదు. "ప్రభువా, ఈ తలుపు నువ్వే వేశావా? నువ్వే వేస్తే నన్ను ఇక్కడ నుంచి తీసుకుపో. నా కాళ్ళతో నేను పోలేను" అన్నాను. అంతే అన్నాను. లేచిన మూలని బొటనవేలితో మళ్ళీ అదిమాను. కాళ్ళు ఎలా కదిలాయో నాకు తెలియదు, కింద ఖాదర్ భాయ్ ఒళ్ళో తాళంచెవి పడేసి, "భాయ్, నన్ను గదికి చేర్చు, నేను తాగుబోతుని" అన్నాను. ఆయన నోరు తెరిచి చూశాడు. లేచి కారు తీశాడు.

తర్వాత రోజులు చెప్పడానికి బాగోవు. గోడల మీద పురుగులు పాకుతున్నాయని అరిచాను, ఫిట్స్ వచ్చాయి, ఆసుపత్రిలో వేశారు. డాక్టర్లు మందులిచ్చారు, రూతమ్మక్క డ్యూటీలు మానుకుని నా మంచం పక్కన కూర్చుంది. తెలివి వచ్చాక అన్నీ చెప్పాను, లవంగాల సంగతి కూడా. ఆమె నా దుప్పటి సర్దింది. చివరికి, "పళ్ళ కోసం అంత ప్రార్థన చేయించావు కదే సుగుణా! పోనీలే, ఆ ప్రార్థన ఎటూ పోదు, నోటికేగా చేశాం" అంది. మా ఆయన పోయాక నేను మొదటిసారి మనసారా ఏడ్చింది అప్పుడే.

అంతా బాగైపోయిందని నేను అబద్ధం చెప్పను. లివరు పాడైందన్నారు. ఇప్పుడు హమద్ టౌన్‌లో ఒక ముసలమ్మని చూసుకుంటున్నాను, ఆమెకి టీ ఇస్తుంటే నా చేతిలో సాసరు టకటక కొట్టుకుంటుంది. పెట్టె ఇంకా కనబడుతుంది, నిద్ర పట్టని రోజులున్నాయి, అప్పుడు లేచి కూర్చుని మా ఆయన పాడిన పాటలు పాడుకుంటాను. ఖాదర్ భాయ్‌కి పని పోయింది, నాకు మేలైన తలుపు ఆయన పొట్ట కొట్టింది, ఆయన కోసం మీరు మానకుండా ప్రార్థించండి. కానీ ఆ రోజు నుంచి ఈ నోట్లో చుక్క పడలేదు, దేవునికే మహిమ. నేను అడిగింది ఇవ్వనందుకు ఆయనకి స్తోత్రం. ఎక్కడో పెద్ద సభలో, నా పేరు కూడా తెలియనివాళ్ళు లైసెన్సుల గురించి మాట్లాడుకుంటుంటే, ఆ మాటల్లోంచే నా కోసం ఒక తలుపు మూయించాడు.

మీలో ఎవరికైనా తలుపు మూసుకుపోయి ఉంటే, గోరు పెట్టే ముందు నుదురు ఆనించి ఒక్కసారి అడగండి, ఎవరు మూశారని. ఆయనని నమ్మండి. ఇంకొక మాట. నాలాగే నోట్లో లవంగం పెట్టుకుని ఈ మందిరానికి వచ్చేవాళ్ళు ఇంకొకరుండొచ్చు. మీరు చివరి వరసలో కూర్చోవద్దు. నా పక్కకి వచ్చి కూర్చోండి. నేనేమీ అడగను, ఆ వాసన నాకు తెలుసు.