చిన్నబూచి కుడిచెయ్యి

చిన్నబూచికి రెండు చేతులు. ఎడమచెయ్యి మరిదిది, కుడిచెయ్యి వదినది. తలా నోరూ కూడా మరిది వాటాకే వచ్చాయి. టీవీలో ఆ హాస్య కార్యక్రమం చూసే పిల్లలకు ఈ పంపకాల సంగతి తెలియదు. సోఫా వెనక నుంచి ఆకుపచ్చ బొచ్చుతో ఓ బుల్లి రాక్షసుడు లేచి, "హమ్మో!" అని మళ్ళీ మునిగిపోవడమే వాళ్ళు చూసేది. ఆ సోఫా వెనక నేల మీద ఇద్దరు పెద్దమనుషులు, ఒకరి మోచెయ్యి ఒకరి డొక్కలో పొడుచుకుంటూ నక్కి ఉన్నారని ఎవరనుకుంటారు?

వదిన అసలు వృత్తి కుట్టుపని. మరిది ఆ స్టూడియోలో బొమ్మలాడించేవాడు. ఓసారి వచ్చి, "అర్జంటుగా ఓ చిల్లర రాక్షసుడు కావాలి వదినా" అంటే, ఇంట్లో ఉన్న పాత రగ్గు కత్తిరించి ఒక్క మధ్యాహ్నంలో కుట్టేసింది. రగ్గు చాలక ఒక చెవి పొట్టిదైంది, బంతులతో పెట్టిన కళ్ళలో ఒకటి మెల్ల. కుడిచేతికి మనిషి దొరక్కపోతే "నువ్వే దూర్చు" అన్నాడు మరిది. దూర్చింది. అప్పట్నుంచీ ఆ పని ఆవిడదే. మరిది పిలుపు విని విని, డైరెక్టరుతో సహా అందరూ ఆవిణ్ణి వదినగారనే పిలిచేవారు. ఆవిడ కుట్టినవన్నీ ఎవరెవరో తొడుక్కుని పోయేవారు. ఇదొక్కటే తిరిగి ఆవిడ చేతికొచ్చింది. అందుకే దాని మీద అంత ప్రాణం.

అలాంటిది, పెద్దబూచికి కొత్త తోక కావలసివచ్చింది. పెద్దబూచి అంటే ఆ కార్యక్రమానికి హీరో, పాటలు కూడా ఉన్నాయి. చిన్నబూచిని విప్పేస్తే తోకకు బొచ్చు సరిపోతుందన్నాడు డైరెక్టరు. మరిది బుర్ర గోక్కుని "సరే సార్" అన్నాడు. ఈ ముక్క వదినకు రికార్డింగు ముందు తెలిసింది.

"నాతో ఒక్క మాట చెప్పాలనిపించలేదా నీకు?"

"ఆయన అడిగాక కాదంటే బావుంటుందా వదినా? ఇంకోటి కుట్టుకుందాంలే."

"నిన్ను విప్పేసి మీ అన్నయ్యకి తోక కుడితే బావుంటుందా?"

 వదిన మూతి ముడుచుకునే సోఫా వెనక్కి చేరింది. చిన్నబూచి బిస్కెట్ తిని, చప్పట్లు కొట్టి మాయమవ్వాలి. అదే వాడి ఆఖరి సీను. ఎడమచెయ్యి బిస్కెట్‌ని నోటిదాకా తెచ్చింది. కుడిచెయ్యి ఠక్కున లాక్కుని వీపు వెనక దాచింది. రాసుకున్న సీనులో ఇది లేదు. వదిన కావాలని చేసిందా అంటే, కోపం చేయించింది. ఎడమచెయ్యి వెతుక్కుంటూ వెళ్తే దానికి ఒక్కటి తగిలించింది కూడా. మరిది తక్కువ తిన్నాడా? చిన్నబూచి మెడ నెమ్మదిగా తిప్పి, ఆ మెల్లకన్నుతో తన కుడిచేతినే ఎగాదిగా చూసి, "నువ్వెవరి తాలూకు?" అన్నాడు.

ఎదురుగా కూర్చున్న ప్రేక్షకులు గొల్లుమన్నారు. కెమెరామన్ నవ్వుకు కెమెరా ఊగింది. డైరెక్టరు కళ్ళు తుడుచుకుంటూ, "తోక సంగతి తర్వాత చూద్దాం. వచ్చేవారం కూడా వీడికి సీను పెట్టండి" అన్నాడు.

చిక్కేమిటంటే, వదినా మరిదీ ఆ సాయంత్రమే రాజీ పడిపోయారు. మరుసటి వారం కుడిచెయ్యి బిస్కెట్‌ని ఎంతో మర్యాదగా లాక్కుంది. ఒక్కరూ నవ్వలేదు. డైరెక్టరు మళ్ళీ చిన్నబూచి బొచ్చు తడిమి చూశాడు.

"పోట్లాడుకుంటే సరి" అన్నాడు ఇంట్లో వదినగారి భర్త. ఆయన పోస్ట్‌మన్.

"ఊరికే ఎలా పోట్లాడతామండీ?"

"నేనున్నాగా!"

అప్పట్నుంచీ రికార్డింగు రోజు పొద్దున్నే ఆయన పుల్లలు పెట్టేవాడు. "మా వాడు నీ కాఫీ గురించి ఏదో అంటున్నాడు, నాకెందుకులే." అటు తిరిగి, "మీ వదిన నీ బట్టతల గురించి ఏదో అంది, నాకెందుకులే." అబద్ధమని తెలిసినా ఇద్దరికీ ఒళ్ళు మండేది. ఆ మంటతోనే కుడిచెయ్యి టోపీ కాజేసింది, పెద్దబూచితో చేయి కలపనంది, నిద్రపోతున్న చిన్నబూచి ముక్కు తనే పిండింది. వాడు హీరో అయితే కాలేదు. కానీ వీధిలో పిల్లలు ఒక చేత్తో ఇంకో చేతిని కొట్టుకుంటూ బడికి వెళ్ళేవారు. వదిన ఏమీ ఎరగనట్టు వాళ్ళను దాటి, మలుపు తిరిగాక ఒక్కతే నవ్వుకునేది.

ఇలా ఏళ్ళు గడిచాక, ఒకరోజు కార్యక్రమమే ఆగిపోయింది. ఆఖరి రికార్డింగులో బొమ్మలన్నీ వరసగా నిలబడి టాటా చెప్పాలి. తర్వాత వాటిని విప్పి కొత్త కార్యక్రమానికి బొచ్చు ఇచ్చేయాలి. ఆ పొద్దున భర్త పుల్ల పెట్టలేదు. కాఫీ బావుందని మాత్రం అన్నాడు.

టాటాకు ఎడమచెయ్యి లేచింది. కుడిచెయ్యి దాన్ని పట్టుకుని కిందికి లాగి, గుండెకు అదుముకుంది. మళ్ళీ లేచింది, మళ్ళీ లాగింది. ప్రేక్షకులు మామూలు తమాషానే అనుకుని నవ్వుతున్నారు.

"వదినా, చెయ్యి వదులు" అని గొణిగాడు మరిది.

"నేను పట్టుకోలేదు. వాడే పట్టుకున్నాడు."

 చిన్నబూచి నోరు తెరిచి, "నేను వెళ్ళను!" అని అరిచాడు. హాలంతా చప్పట్లు.

అంతా అయ్యాక డైరెక్టరు సోఫా వెనక్కి వచ్చాడు. "వదినగారూ, ఇక చెయ్యి తీసేయండి."

"తియ్యను."

"మరి ఇంటికెలా వెళ్తారు?"

"ఇలాగే వెళ్తాను."

ఆయన ఆవిణ్ణీ, చిన్నబూచినీ మార్చి మార్చి చూసి, పకపకా నవ్వి, "సరే, వెళ్ళండి" అన్నాడు. పెద్దబూచి తోకను మాత్రం అప్పటికే విప్పేస్తున్నారు.

బస్సులో చిన్నబూచి వదినకూ మరిదికీ మధ్య కూర్చున్నాడు. రోడ్డు పక్కనుంచి ఓ చిన్నపిల్ల వాణ్ణి గుర్తుపట్టి చెయ్యి ఊపింది. టాటా చెప్పడానికి ఎడమచెయ్యి లేచింది. కుడిచెయ్యి దానికి ఒక్కటిచ్చి, తనే చెప్పింది.