రెండో చీటీ

నాలుగేళ్ళుగా నా బైబిలు సంచి అరలో మడత పెట్టిన ఒక చీటీ ఉంది. వేలెడంత కాగితం, దానికి బరువేముంటుంది? అయినా ఆదివారం సండేస్కూలు పిల్లల ముందు ఆ బైబిలు పట్టుకుని నిలబడితే నా చెయ్యి కిందికి లాగుతుంది. మా ఆయనకు కూడా ఇది చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నాలుగేళ్ళ కిందటి వేసవికి మా ఇంట్లో రెండు ప్రయాణాల మాట నడిచింది. మా అత్తమ్మకు వయసులో ఉన్నప్పటి నుంచీ యెరూషలేము చూడాలని కోరిక. నా మనసు స్పెయిన్ ఉత్తరాన ఉన్న అస్తూరియాస్ మీద పడింది. మంచు కొండలు, వాటి పాదాల దగ్గరే సముద్రం. అందరం కలిసి వెళ్ళగలిగేది ఒక్కచోటికే. తేలకముందే నేనొక నోట్‌బుక్ నింపేశాను. మాడ్రిడ్‌లో దిగి కారు అద్దెకు తీసుకోవాలి. లెయోన్ మీదుగా ఘాట్ రోడ్డు దాటాలి. కోవదోంగా అనే ఊరి పైన రెండు సరస్సులు, ఆ తర్వాత తీరం వెంట చేపలు పట్టేవాళ్ళ ఊళ్ళు. అక్కడ స్టీరింగు ఎడమవైపు ఉంటుందని మా ఆయన డైనింగ్ కుర్చీలో కూర్చుని కుడిచేత్తో గేర్లు మార్చడం నేర్చుకునేవారు. మోకరించి కళ్ళు మూసుకుంటే నాకు ఆ కొండలే కనిపించేవి. నేను తలచుకుంటున్నది సృష్టికర్తనా, సృష్టినా? అప్పుడు ఆ ప్రశ్న వేసుకోలేదు.

ఎటూ తేలకపోతే, దేవుని ముందు చీట్లు వేద్దామని అత్తమ్మే అన్నారు. మా సంఘంలో సంబంధం ఖాయం చేయాలన్నా, ఇల్లు మారాలన్నా ఉపవాసముండి చీటీ తీసేవాళ్ళున్నారు. ఆమె మూడు రోజులు పొద్దుటి తిండి మానారు. చర్చిలో వాక్యం బోర్డు రాసేదాన్ని నేనే కాబట్టి చీట్లు రాసే పని నాకు అప్పగించారు.

వంటగదిలో నిలబడి రాశాను. మొదటిదాని మీద స్పెయిన్. రెండోదాని మీద యెరూషలేము అని రాయాలి. పెన్ను మళ్ళీ స్పెయిన్ అనే రాసింది. పెన్ను రాసిందని ఎందుకంటున్నాను? నేను రాశాను.

స్టీలు గిన్నెలో చీట్లు వేసి అత్తమ్మ ముందు పెట్టాను.

“అమ్మా, స్పెయిన్ వస్తే ఎట్లనే? మేడారం తొవ్వల్నే నీకు కండ్లు తిరుగుతయి” అన్నారు మా ఆయన నవ్వుతూ.

“నువ్వు నడుపుతాంటె తిరుగుతయిరా. యెరూషలేంల బస్సు నువ్వు నడుపవు గద” అన్నారు అత్తమ్మ.

ప్రార్థన చేసి, కళ్ళు తెరవకుండానే ఒక చీటీ తీసి మా అమ్మాయికిచ్చారు.

“స్పెయిన్, నానమ్మా.”

ఆమె ముఖం ఒక్క క్షణం వాడింది. పిల్ల రెండో చీటీ కోసం చెయ్యి చాపింది.

“ఉండనియ్ బిడ్డా. ఆయన చెప్పినంక మల్ల చూసుడంటే అనుమానపడ్డట్టే” అని అత్తమ్మ గిన్నె నా వైపు జరిపారు. “పోదాం తియ్. జర నాకో స్వెటర్ కొనుండ్రి.”

ఆమె విశ్వాసమే నా మోసాన్ని దాచిపెట్టింది.

వెళ్ళాం. సరస్సుల దగ్గరికి చేరేసరికి అంతా పొగమంచు. ఎక్కడో ఆవుల మెడగంటలు మాత్రం వినిపిస్తున్నాయి. కాసేపటికి మంచు పైకి లేచింది. ముందు నీళ్ళు, తర్వాత గడ్డి, ఆ తర్వాత, ఇక ఆకాశమే అనుకున్న చోట, తెల్లటి కొండ. నోట్‌బుక్‌లో నేను రాసుకున్న ఒక్క మాటా దానికి చాలలేదు. అత్తమ్మ చెప్పులు విడిచి తడి గడ్డి మీద నిలబడ్డారు. చెంపల మీద కన్నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. అంతటి మహిమ ముందుకు నేను అబద్ధం దారిన వచ్చాను, అయినా దేవుడు దాన్ని నా నుంచి దాచలేదు. నా పాపాన్ని కూడా ఆయన వాడుకున్నాడా? వాడుకుంటే మాత్రం అది పాపం కాకుండా పోతుందా? కొండ ఆయనది. చీటీ నాది.

అప్పటి నుంచి అత్తమ్మ చర్చిలో సాక్ష్యం చెబుతూనే ఉన్నారు, తాను ఒకటి అడిగితే దేవుడు ఇంకొకటి చూపించాడని. అందరూ స్తోత్రం అంటారు. నేనూ అంటాను.

ఇప్పుడు మా సంఘం నుంచి కొందరు యెరూషలేముకు వెళ్తున్నారు. మా ఆడబిడ్డ అత్తమ్మను తనతో తీసుకెళ్తానంది. ఆమె వద్దన్నారు. దేవుడు ఆ సంగతి చీటీతోనే తేల్చేశాడు, మళ్ళీ అడగనన్నారు. ఆమె దారికి అడ్డంగా పడి ఉన్నది దేవుని మాట కాదు, నా చేతిరాత. పేరు ఇవ్వడానికి ఈ ఆదివారమే ఆఖరు.

ఈ ఉదయం మొదటిసారి ఆ చీటీ విప్పాను. అక్షరాలు వాక్యం బోర్డు మీద రాసినంత గుండ్రంగా ఉన్నాయి. వెనుక, ‘ఆ రోజు గిన్నెలో మిగిలింది ఇదే. రెండూ నేనే ఇలా రాశాను’ అని రాసి, అత్తమ్మ కళ్ళజోడు కింద పెట్టాను. ఆమె స్త్రీల కూడికకు వెళ్ళారు. వచ్చాక నాతో మాట్లాడతారో లేదో తెలియదు. క్షమాపణ గురించి పిల్లలకు ఎన్నో పాఠాలు చెప్పాను, ఈరోజు ఒక్కటీ నాకు చెప్పుకోలేకపోతున్నాను.

గేటు చప్పుడైంది. బైబిలు సంచి అర తడిమి చూశాను. ఖాళీగా ఉంది.