మోతితో కృష్ణ దాటిన శనివారం

మొన్న వానలో మా మేనకోడలి కారెక్కినప్పుడు, వెనక సీట్లో ఒళ్ళు తుడవకుండా కూర్చోబెట్టిన వాళ్ళ కుక్కపిల్ల తడి బొచ్చు వాసనను ఏసీ గాలి తిప్పి తిప్పి నా ముక్కు దగ్గరికే తెచ్చింది. వాసనలు జ్ఞాపకాలను మిగతా ఇంద్రియాలకన్నా బలంగా లేపుతాయని అందరూ అంటారు. అది ఎంతవరకు నిజమో నేను పరీక్షించలేదు. నా విషయంలో ఆ పూట అలా జరిగిందని మాత్రం చెప్పగలను.

అప్పటికి ఆంధ్ర రాష్ట్రం వేరుపడింది గాని తెలంగాణంతో ఇంకా కలవలేదు. కృష్ణకు ఇవతలి గట్టు మాది, అవతలి గట్టు హైదరాబాదు రాష్ట్రానిది. గురజాలకు దగ్గరి పల్లెలో నాన్న బడిపంతులు, అమ్మ మిషను ఆసుపత్రిలో నర్సు. మాతోనే ఉండే పెద్దమ్మ, అంటే అమ్మకు సొంత అక్క, తన కూతుర్ని నది అవతల మిర్యాలగూడెం వైపు ఇచ్చింది. ఆ యేడు మిరప కోతల కాలంలో, కళ్ళాల్లో ఆరబోసిన కాయల ఘాటుకు ఊరంతా తుమ్ముతూ దగ్గుతూ తిరిగే రోజుల్లో, పెద్దమ్మ మనవడి బాప్తిస్మం ఒక ఆదివారానికి కుదిరింది. నరసరావుపేటలో పత్తి వ్యాపారి దగ్గర డ్రైవరుగా ఉన్న మా మామయ్య, యజమాని ఊళ్ళో లేని ఆ రెండు రోజులకు ఆయన్ను అడిగి పాత కారు తెచ్చాడు. కారులో మా ఊరు దాటి పోవడం నాకు అదే మొదలు కాబట్టి ఎగిరి గంతులు వేయవలసింది. కాని ఆ వారంలోనే మా కుక్క మోతి నన్ను కరిచింది.

అది తింటుండగా తోక తొక్కాను; పిక్క పట్టుకుంది. కారణం అంత స్పష్టంగా ఉన్నా, అంతకు ముందు వారం ఊరి బయట ఏదో వీధికుక్క దానితో కలబడటం నలుగురూ చూశారు. ఆ కుక్క మళ్ళీ కనబడలేదు; దానికి పిచ్చి ఉందో లేదో ఎవరూ చెప్పలేకపోయారు. అమ్మ నా కాలిని సబ్బుతో, నేను ఏడ్చి ఏడ్చి అలిసిపోయేదాకా కడిగింది. ఈలోగా వీధిలోవాళ్ళు దుడ్డుకర్రలతో వచ్చారు. కరిచిన కుక్కను చంపితే విషం దిగుతుందన్నారు కొందరు. కుక్క చస్తే కరిపించుకున్నదీ చస్తుందన్నారు మరికొందరు. ఈ రెండు నమ్మకాలూ ఒకే వాకిట్లో నిలబడి ఒకదాన్నొకటి ఎందుకు కొట్టుకోలేదో నాకు ఇప్పటికీ తెలియదు. అమ్మ గడపకు అడ్డంగా నిలబడింది.

"దాన్ని చంపితే మీకు తెలిసేదేందయ్యా? పది రోజులు అది బతికుంటే నా పిల్లకేం కాదు. ముందే చచ్చిందో, గుంటూరు పోయి బొడ్డు చుట్టూ సూదులు పొడిపించాల. దాన్ని నా కళ్ళ ముందు ఉండనీండి."

డాక్టరు ఆమెకు చెప్పిన మాటే అది. తరవాత నేను జంతుశాస్త్రం చదివినప్పుడు వెతికి చూశాను: పిచ్చికుక్క వ్యాధి కుక్క చొంగలోకి చేరిన కొద్ది రోజులకే కుక్క జబ్బుపడుతుంది, కాబట్టి కరిచాక పది రోజులు కుక్క ఆరోగ్యంగా ఉంటే, కరిచిన నాడు దాని చొంగలో విషం లేనట్టే. ఆ పూటకు అమ్మ మాటే నెగ్గింది, కర్రలు వెనక్కి వెళ్ళాయి. కాని కుక్కను ఊళ్ళో వదిలి వెళితే మేము తిరిగి వచ్చేసరికి దాన్ని కొట్టి చంపుతారు. చంపితే నా సంగతి ఎవరికీ తెలియదు. అందుకే బాప్తిస్మానికి మోతి కూడా బయలుదేరింది.

శనివారం తెల్లవారి, హాండిలు తిప్పి తిప్పి మామయ్య చొక్కా వెన్నంతా తడిశాక కారు మేల్కొంది. ముందు సీట్లో నాన్న కీర్తనలు కూనిరాగం తీస్తూ, చరణం పూర్తికాకుండానే వెనక్కి తిరిగి నన్ను చూస్తూ, మళ్ళీ మొదటి నుంచి అందుకుంటూ కూర్చున్నాడు. వెనక అమ్మ, పెద్దమ్మ, మధ్యలో నేను. మా కాళ్ళ దగ్గర తాడు చుట్టిన మోతి. అమ్మ ఒడిలో జొన్నరొట్టెలు, గోంగూర పచ్చడి, వేయించిన ఉప్పుచేపలు ఉన్న టిఫిను క్యారియరు. నాపరాళ్ళ నేల మీద కారు ఎగిరినప్పుడల్లా క్యారియరు గిన్నెలు గణగణలాడేవి, మోతి ఒకసారి ఆవులించేది, ఆ ఆవులింతకే అందరి ఊపిరీ ఆగేది. నాకు కాలు నెప్పి లేదు. కూర్చోబుద్ధి మాత్రం కాలేదు. పెద్దమ్మ మీదుగా కిటికీలోంచి బయటికి తల పెట్టేదాన్ని, తీసేదాన్ని, పొలాల్లో ఎర్రగా మెరిసే కళ్ళాలను లెక్కపెట్టబోయి తప్పేదాన్ని.

పిచ్చికుక్క విషం ఎక్కితే నీళ్ళంటే భయం వస్తుందని పెద్దమ్మకు తెలుసు. మనుషుల్లో అది నిజమే గాని, విషం ఎక్కడానికి వారాలు పడుతుంది. కుక్కల్లోనయితే ఆ భయం సాధారణంగా కనబడనే కనబడదు. ఈ సంగతులు పెద్దమ్మకు తెలియవు. ఆమె తన మరచెంబులోంచి కాసేపటికొకసారి నాకు గ్లాసులో నీళ్ళు పోసేది, నేను తాగుతుంటే నా గొంతు కదలడం వంగి చూసేది. కారు ఆగిన ప్రతిచోటా చిప్పలో పోసి మోతి ముందు పెట్టేది.

"తాగమ్మే, ఒక్క గుక్క. మా తల్లే, నీకు దండం పెడతా."

"ఇందాకే తాగాను పెద్దమ్మా."

"ఇందాక సంగతి ఇందాకది. ఇప్పుడు తాగు."

ఈ తాగుళ్ళ వల్ల కారు మరీ తరచుగా ఆగవలసి వచ్చేది. నేను తుమ్మచెట్ల చాటుకు పరిగెత్తడం, ఆగాం కదా అని పెద్దమ్మ మోతికి మళ్ళీ చిప్ప పెట్టడం, "ఇట్టాగయితే బాప్తిస్మం కాదు, పిల్లోడి పెళ్ళికి చేరతాం" అని మామయ్య హారను నొక్కడం.

పొందుగుల రేవుకు చేరేసరికి ఎండ ముదిరింది. బల్లకట్టు, అంటే రెండు పడవలను కలిపి పైన పలకలు పరిచింది, అవతలి గట్టు నుంచి వస్తూ ఉంది. మిరప బస్తాల మీద కూర్చున్న రైతులు కారును, దానిలోంచి దిగిన కుక్కను చూశారు. మోతి నీటి అంచు దాకా వెళ్ళి, వాసన చూసి, వెనక్కి తిరిగింది. పెద్దమ్మ ఆత్రంగా చిప్పతో కృష్ణ నీళ్ళు ముంచి దాని మూతి ముందు పెట్టింది. మోతి మొహం తిప్పుకుంది. ఇటు పెట్టింది; అది అటు తిప్పుకుంది.

"అయ్యో దేవుడా! నీళ్ళొద్దంటంది! పిల్ల కరిపించుకుంది, ఇప్పుడిది నీళ్ళొద్దంటంది!"

ఆ కేకతో విషయం రేవు రేవంతటికీ తెలిసిపోయింది. బస్తాల మీది వాళ్ళు లేచారు. అప్పుడే గట్టుకు తగిలిన బల్లకట్టు మీది నుంచి పెద్ద సరంగు పొడవాటి గెడతో దిగాడు. "పిచ్చిదాన్ని నేనెక్కించను. నడి ఏట్లో మీద పడితే జనం దూకుతారు. తప్పుకోండమ్మా, ఒక్క పోటుతో పోద్ది." అమ్మ మోతికీ గెడకీ మధ్య నిలబడింది. ఆ గెడ దిగితే నేను బతుకుతానో లేదో చెప్పే ఒకే ఒక్క లెక్క చెరిగిపోతుందని నాకు అర్థమయింది. తాడు కొసను రెండు చేతులా పట్టుకున్నాను.

అమ్మ సరంగును చూడలేదు. పెద్దమ్మను చూసింది.

"అక్కా, పొద్దుటినుంచీ దీనికి ఎన్నిసార్లు పోశావు?"

"ఎన్నోసార్లు గాదులే. ఊరి పొలిమేర్లో, వాగు కాడ, ఇదిగో ఈ పిల్ల కోసం ఆగినప్పుడల్లా, మళ్ళీ దాచేపల్లిలో టీ బడ్డీ కాడ..."

"అప్పుడు తాగిందా?"

"తాగకేం! చిప్ప నాకింది."

అంతలో మోతి కారు వెనక చక్రం దగ్గరికి నడిచి, కాలెత్తి, ఎంతకీ దించలేదు. సరంగు గెడను నేలకు ఆనించి చూస్తూ నిలబడ్డాడు. "కుక్కనుకున్నారా, కుండనుకున్నారా అమ్మా?" అన్నాడు చివరికి. బస్తాల వైపు నుంచి నవ్వు లేచింది. అయినా అమ్మ అంతటితో ఊరుకోలేదు. నిండిన పొట్ట వల్ల తాగలేదన్నది ఊహే, రుజువు కాదు. పిచ్చెక్కిన కుక్కకు మింగుడు పడదు; అందుకే క్యారియరు విప్పి ఉప్పుచేప ఒకటి వేసింది. మోతి దాన్ని తలతో సహా నమిలి మింగింది. ఆ మింగడాన్ని రేవంతా చూసింది. "తాడు పొట్టిగా పట్టుకోండి" అని సరంగు దారి ఇచ్చాడు.

అవతల వాడపల్లి గట్టున నాకా, అంటే సరిహద్దు తనిఖీ చౌకీ, ఉండేది. అక్కడి జవాను పోలీసో, సుంకాల మనిషో నేను ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. సీట్ల కింద దొంగరవాణా బియ్యం మూటలున్నాయేమోనని వంగి, మోతి మొహం ఎదురయ్యేసరికి వెనక్కి దూకాడు. "గిదేంది? కుక్కను గూడ దావతుకు తీస్కపోతున్రా?" పెద్దమ్మ వినయంగా ఆయనకూ ఒక గ్లాసు నీళ్ళిచ్చింది.

బాప్తిస్మం నాకు అంతగా గుర్తులేదు. గుడి తలుపు పక్కన కట్టేసిన మోతి, ప్రసంగం జరుగుతున్నంతసేపూ నిద్రపోవడం మాత్రం గుర్తుంది. ఆ నిద్ర జబ్బో, ఎండో తెలియక నేను పాటల పుస్తకం మూస్తూ తెరుస్తూ కూర్చున్నాను. మధ్యమధ్య అమ్మ లేచి వెళ్ళి దాని మూతి చూసి వచ్చేది. ఆ రోజు వాళ్ళు పెట్టిన కోడికూర రుచి ఎంత వెతికినా నా జ్ఞాపకంలో లేదు.

పదో రోజు గడిచిన మర్నాడు సాయంత్రం అమ్మ మోతి మెడ తాడు విప్పి, "పో" అంది. అది పెంటకుప్ప వైపు పరిగెత్తింది. అమ్మ మెట్టు మీద కూర్చుని, గోడకు తల ఆనించి, దీపాలు పెట్టే వేళ అలా కూర్చున్నచోటే నిద్రపోయింది. నాన్న ఎవర్నీ మాట్లాడనివ్వలేదు. ఆ రాత్రి వంట పెద్దమ్మ చేసింది.

ఇప్పుడు పొందుగుల దగ్గర వంతెన ఉంది. మేనకోడలి కారు దాన్ని దాటుతుంటే నేను ఏదో అడగబోయి నోరు తెరిచేసరికి అవతలి గట్టు వచ్చేసింది. బల్లకట్టు లేదు, ఆ నాకా లేదు. ఆ సరిహద్దు ఒకసారి చెరిగి, నా వయసు వాళ్ళ కళ్ళ ముందే మళ్ళీ గీయబడింది. కుక్క కరిస్తే ఇప్పుడు పిల్లల భుజానికి కొన్ని సూదులు వేస్తారు. ఇది ఎంతో మేలు. ఇందులో నాకు సందేహం లేదు. ఒక్క సంగతి మాత్రం తేలలేదు. ఆ పది రాత్రులూ అమ్మ అసలు ఒక్క కునుకైనా తీసిందా? చెప్పగలిగిన అమ్మ, నాన్న, పెద్దమ్మ, మామయ్య ఒకరి వెంట ఒకరు వెళ్ళిపోయారు. నన్నడిగితే లాభం లేదు. పగలంతా అల్లాడినా, రాత్రి అమ్మ పక్కన పడుకోగానే నేను హాయిగా నిద్రపోయేదాన్ని.