ఖంగుమనని చక్రం

ఇవాళ పొద్దున మిర్యాలగూడ అంగట్లో ఒకావిడ కొత్త కుండను వేలితో కొట్టి చూసింది. ఖంగుమంది. ఆ మోత వినగానే నా చేయి కూడా ఎదురుగా ఉన్నదాన్నల్లా తట్టడం మొదలుపెట్టింది: బియ్యం డబ్బా, తూకం రాయి, ఆఖరికి మా మిల్లు గుమాస్తా బట్టతల. ఈ జబ్బు నాకు అంటించినవాడు సూర్యాపేట హైవే పక్కన చక్రాలు బాగుచేసే పుల్లయ్య మేస్త్రి. ఆయన పోయి రెండేళ్లయింది. జబ్బు మాత్రం ముదురుతోంది.

అంతకు కొన్నేళ్ల ముందు నేనొక పాత ఎర్ర స్పోర్ట్స్ కారు కొన్నాను. రెండే సీట్లు. వయసులో నాకంటే పెద్దది, దగ్గులో మా తాతకంటే పెద్దది. "మూట బియ్యం పట్టని బండి మిల్లోడికి ఎందుకు?" అని మా ఆవిడ అడుగుతూనే ఉంది. అయినా మేనకోడలు శ్రావణిని కోదాడ పెళ్లిమండపానికి అందులోనే తీసుకుపోతానని మాటిచ్చేశాను. ఉన్న ఇనుప చక్రాలు వడ్ల ఊకంత అందంగా ఉన్నాయి. అందుకని ఎక్కడో వాడిన అల్యూమినియం చక్రాలు నాలుగు సంపాదించాను. వాటి మెరుపుకు పెన్‌పహాడ్ దాకా పక్షులు దారి తప్పి ఉంటాయి.

బిగించమని మేస్త్రి దగ్గరికి పట్టుకుపోయాను. చక్రం బాగుందో పగిలిందో ఆయన ఎన్నడూ తీర్పు చెప్పేవాడు కాదు. చక్రాన్ని తాడుకు వేలాడదీసి, చిన్న సుత్తి వచ్చిన గిరాకీ చేతికిచ్చి, తాను బీడీ ముట్టించుకునేవాడు.

"మేస్త్రీ, నువ్వే చెప్పరాదూ?"

"నడిపేది నువ్వు. ఇనేది గూడ నువ్వే, సేటూ."

మూడు చక్రాలు మఠంపల్లి దాకా వినపడేలా ఖంగుమన్నాయి. నాలుగోది జలుబు చేసినట్టు 'దబ్' అంది. ఎక్కడో సన్నని పగులుంది. స్పష్టంగా విన్నాను. అయినా "మోగింది" అన్నాను. మెరుపు అనేది మనిషి చేత అలాంటి అబద్ధాలు ఆడిస్తుంది.

ఆయన నిదానంగా పొగ వదిలాడు. "మంచిది. గా చక్రం ముందట ఎడమదిక్కు బిగిస్త. పెండ్లిపిల్లను గాడనే కూసోబెట్టు."

సుత్తి ఆయన చేతిలో పెట్టేశాను. "వద్దు మేస్త్రీ. మోగలే."

"నాకెర్కనే. నీ నోట రావాలని సూసిన." నవ్వాడు. "అల్యూమినియం చెడ్డది గాదు సేటూ. తేలిక, సోకు. గని గట్టి దెబ్బ తాకితే ఒక్కసారే పగుల్తది. ఇనుమైతే వంగుతది, ఆగుమని చెప్తది. లారీలు తవ్విన మన రోడ్లకు చెప్పే చక్రం కావాలె."

పెళ్లిరోజు ఇనుప చక్రాలతోనే బయల్దేరాం. నా డ్రైవింగ్ మీద అపారమైన నమ్మకంతో మేస్త్రి సుత్తి పట్టుకుని మోపెడ్ మీద వెంటబడ్డాడు. కోదాడ దగ్గర ఒక గుంత. గుంత అనడం దాన్ని అవమానించడమే. మూసీ నది కృష్ణదాకా పోకుండా అందులోనే కాపురం పెట్టొచ్చు. ధన్‌మంది. ఎడమ చక్రం అంచు వంగింది, స్టీరింగ్ వణికింది, ఆపాను.

"మామా, ముహూర్తం నాకా, నీ బండికా?" అంది శ్రావణి.

మేస్త్రి చక్రం విప్పి, రాయి మీద పెట్టి, సుత్తితో అంచును దారికి తెచ్చి, గాలి కొట్టాడు. "సొట్ట జర ఉంటది. ఉండనీ." పంతులు జీలకర్ర, బెల్లం పట్టుకుని గుమ్మం వైపు చూస్తుండగా చేరాం.

నిన్న శ్రావణి ఆ బండి తాను నడుపుతానంది. చక్రాలు విప్పి, తాడుకు వేలాడదీసి, సుత్తి చేతికిచ్చాను.

"మామా, నువ్వే చెప్పరాదూ?"

నాకు బీడీ అలవాటు లేదు. పల్లీలు నములుతూ నిలబడ్డాను. మూడు కొట్టింది. సొట్ట చక్రాన్ని కొట్టి, కాసేపు చెవి ఆనించింది. నా నమలడం ఆగిపోయింది.

"మోగింది మామా," అంది.

నిజంగానే మోగింది.